కర్నల్ సి.కె. నాయుడు జీవితం: క్రీడా వసతులు, నగరాభివృద్ధి

విజయవాడ, అక్టోబరు 31: భారత టెస్టు క్రికెట్ జట్టుకు తొలి సారథిగా వ్యవహరించిన కర్నల్ కొఠారి కనకయ్య నాయుడు జయంతి నేడు. 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూర్‌లో జన్మించిన ఆయన సి.కె. నాయుడుగా క్రీడాలోకానికి సుపరిచితులు. ఆయన పూర్వీకులది కృష్ణా జిల్లా మచిలీపట్నం. అందువల్ల తెలుగువారు ఆయనను తమవాడని చెప్పుకోవడం సహజమే. అయితే ఆయన ఆట నిలదొక్కుకుని, పేరు తెచ్చుకుని, తరువాతి తరానికి అందినది మధ్య భారతంలోని ఇండోర్ నగరంలో. అక్కడి సంస్థానం క్రీడాకారులకు కొలువులిచ్చి, మైదానం సమకూర్చి, ఏటేటా పోటీలు నడిపినందున అది సాధ్యపడింది. క్రీడా వసతులపై వెచ్చించే సొమ్ము ఒక ప్రాంతీయ నగరానికి ఏ విధంగా తిరిగి వస్తుందో, ఏ పరిస్థితులలో రాదో కూడా ఆయన జీవితాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది.

కొఠారి వారిది న్యాయవాద వృత్తిలో స్థిరపడిన కుటుంబం. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరొందిన న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదివినవారు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, బడిలో ఇంగ్లీషు వినిపించే వాతావరణంలో కనకయ్య నాయుడు పెరిగారు. నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజియేట్ ఉన్నత పాఠశాలలో చదువుతూ పాఠశాల జట్టుకు నాయకత్వం వహించారు. ఆ రోజులలో క్రికెట్ ఆడాలంటే ఆంగ్లేయుల జిమ్‌ఖానాల పచ్చికబయళ్లు ఉన్న ఊరిలోనో, కళాశాల మైదానం ఉన్న ఊరిలోనో నివసించవలసి వచ్చేది. నాగపూర్ అటువంటి ఊరు కావడం ఆయన అదృష్టం.

1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ పోటీలలో హిందువుల జట్టు తరఫున ఆయన మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడారు. ప్రత్యర్థులు యూరోపియన్లు. జట్టు ఏడు వికెట్లు కోల్పోయి కష్టాలలో ఉన్న వేళ బరిలోకి దిగిన యువకుడు తన ఖాతాను సిక్సరుతో తెరిచారు. ఆనాటి భారతీయ బ్యాట్స్‌మన్‌లు బంతిని గాలిలోకి లేపడానికి సంకోచించేవారు. పొడగరి, బలిష్ఠుడు, చూపులో ధీమా గల నాయుడు ఆ సంకోచాన్ని పక్కకు నెట్టారు.

1926 డిసెంబరు 1వ తేదీ భారత క్రికెట్ చరిత్రలో పేర్కొనదగిన దినం. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జిమ్‌ఖానా మైదానంలో హిందువుల జట్టు తరఫున నాయుడు 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు ఉన్నాయి. వార్త నగరమంతా పాకి, మధ్యాహ్నానికి మైదానం చుట్టూ ఉన్న చెట్లు, ఇళ్ల మేడలు కూడా జనంతో నిండినట్లు చెప్పుకుంటారు. భారతీయులు టెస్టు స్థాయిలో ఆడగలరన్న నమ్మకం ఆ ఇన్నింగ్స్‌తో బలపడింది. రెండేళ్లకు, 1928 డిసెంబరులో, భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

ఈ ఇన్నింగ్స్ నాటికే ఆయన చిరునామా మారింది. 1923లో ఇండోర్ పాలకుడు మూడవ తుకోజీరావు హోల్కర్ ఆయనను తమ సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెన్ హోదా కల్పించారు. తరువాత కర్నల్ హోదా లభించింది. ఆ బిరుదు ఆయన పేరులో భాగమైపోయింది. 1926లో తుకోజీరావు గద్దె దిగగా, వారసుడు యశ్వంతరావు హోల్కర్ క్రికెట్ పోషణను కొనసాగించారు. 1934లో యశ్వంత్ క్లబ్ వెలసింది.

హోల్కర్ పెట్టుబడి స్వభావాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంది. స్వదేశీ సంస్థానాధీశులలో క్రికెట్‌పై ధనం వెచ్చించినవారు పలువురు ఉన్నారు. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 1930-31లో ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహామహులను రప్పించి తన జట్టులో ఆడించారు. అది ఘనమైన వేడుక. వారు తిరిగి వెళ్లిన తరువాత ఆ వేడుక స్థానికంగా మిగిల్చినది స్వల్పం. ఇండోర్ మార్గం వేరు. అక్కడ ఆటగాడికి నెలనెలా జీతం వచ్చే కొలువు ఉండేది. సైన్యంలోనో, దివాణంలోనో ఉద్యోగం చేస్తూ ఏడాది పొడవునా సాధన చేయడానికి వీలుండేది. సీనియర్లు ఊళ్లోనే ఉండడంతో వారిని చూసి నేర్చుకునే కుర్రవాళ్లు తయారయ్యారు. సంస్థానం కట్టిన గోడలకన్నా ఇచ్చిన కొలువులే ఆ నగరానికి ఎక్కువ మేలు చేశాయని భావించడానికి తగిన ఆధారం ఉంది.

ఆ ఆధారం పేరు ముస్తాక్ అలీ. 1914లో ఇండోర్‌లోనే పుట్టిన ఆ బాలునిలోని ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దినవారు నాయుడు. 1936లో మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో ముస్తాక్ అలీ 112 పరుగులు చేసి, విదేశీ గడ్డపై టెస్టు శతకం సాధించిన తొలి భారతీయుడయ్యారు. బయటినుంచి రప్పించిన ఒక్క క్రీడాకారుని జీతం పదేళ్లు తిరిగేసరికి ఊరిలో పుట్టిన ప్రపంచస్థాయి ఆటగానిగా తిరిగి వచ్చింది. నాయుడు తమ్ముడు సి.ఎస్. నాయుడు, చందు సర్వతే, హీరాలాల్ గైక్వాడ్, భావుసాహెబ్ నింబాల్కర్ తదితరులు కూడా ఆ జట్టులో చేరి దానిని దేశంలోనే అగ్రశ్రేణిలో నిలిపారు.

టెస్టు రంగంలో నాయుడు ప్రస్థానం సంఖ్యలలో చూస్తే చిన్నది. 1932 ఇంగ్లండు పర్యటనకు పోరుబందరు మహారాజును సారథిగా నియమించారు. లింబ్డి యువరాజు ఉపసారథి. లార్డ్స్ టెస్టు నాటికి ఒకరు తమ ఆట స్థాయిని గ్రహించి తప్పుకోగా, మరొకరు గాయపడడంతో పగ్గాలు నాయుడుకు దక్కాయి. ఆ విధంగా 1932 జూన్ 25న, 36 ఏళ్ల వయసులో, ఆయన భారత తొలి టెస్టు జట్టును మైదానంలోకి నడిపించారు. చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. ఇంగ్లండు 158 పరుగుల తేడాతో గెలిచింది. పర్యటన మొత్తంలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. 32 సిక్సర్లు బాదారు. 1933లో విజ్డెన్ ఆయనను ఆ ఏటి ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

1933-34లో జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లండు జట్టు భారత్‌కు వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే సారథి. 1936లో సారథ్యం విజ్జీకి లభించింది. ఆటలో తనకన్నా ఎంతో తక్కువ స్థాయి వ్యక్తి కింద ఆడవలసి వచ్చినా నాయుడు వెనుదీయలేదు. ఓవల్‌లో తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో, ఇంగ్లండు సారథి గబ్బీ ఆలెన్ విసిరిన బంతి శరీరానికి బలంగా తగిలిన తరువాత కూడా నిలబడి 81 పరుగులు చేశారు. మొత్తం ఆడిన టెస్టులు 7, పరుగులు 350. క్రీడా సంస్థలలో డబ్బు పెట్టినవారికి, ఆట తెలిసినవారికి మధ్య ఎవరి మాట నెగ్గాలన్న ప్రశ్న ఆనాడే తలెత్తిందని గమనించవచ్చు.

ఆయన అసలు సామ్రాజ్యం రంజీ ట్రోఫీ. హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో విజేతగా నిలిచింది. మరో ఆరుసార్లు రన్నరప్ స్థానం పొందింది. 1944-45 ఫైనల్‌లో బొంబాయిపై హోల్కర్ తరఫున ఇంగ్లండు మేటి డెనిస్ కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచారు. యుద్ధకాలంలో ఇండోర్ సమీపంలోని మౌ సైనిక స్థావరంలో ఆయన ఉద్యోగం కావడమే అందుకు కారణం. మరుసటి ఏడాది ఇండోర్‌లో మైసూరుపై హోల్కర్ 8 వికెట్లకు 912 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు సాధించారు. వారిలో నాయుడు ఒకరు. అదే సీజన్ ఫైనల్‌లో బరోడాపై ఆయన 200 పరుగులు చేశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు నిండాయి.

ఇండోర్ జనాభాలో గాని, సంపదలో గాని బొంబాయికి, కలకత్తాకు, మద్రాసుకు సాటి వచ్చే నగరం కాదు. బట్టల మిల్లులు, ధాన్యం, పత్తి వ్యాపారం గల ఒక ప్రాంతీయ కేంద్రం మాత్రమే. ఆ విధంగా చూస్తే ఆనాటి ఇండోర్‌కు, బియ్యం మిల్లులు, రైల్వే జంక్షన్, ఆనకట్ట కాలువలతో ఎదుగుతున్న ఆనాటి బెజవాడకు పోలికలున్నాయి. దేశపు పెద్ద జట్లన్నీ ఇండోర్ రైలెక్కి వచ్చి రోజుల తరబడి అక్కడ బస చేయవలసి వచ్చింది. పత్రికలు ఆ ఊరి పేరును మొదటి పేజీలో అచ్చువేశాయి. విడిది గృహాలకు, టాంగాలవారికి, ఉపాహారశాలలకు, దర్జీలకు సీజన్ పొడవునా గిరాకీ ఉండేది. అయితే ఈ రాబడిని ఎవరూ లెక్కకట్టలేదు; కట్టనందున అంకెలలో చెప్పడం సరికాదు.

ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. 1948లో సంస్థానం మధ్యభారత్‌లో విలీనమైంది. పోషకుని ఖజానా తగ్గిపోయిన తరువాత జట్టు కొన్నేళ్లు మాత్రమే నిలిచింది. 1954-55 సీజన్‌తో హోల్కర్ పేరు రంజీ పట్టికనుంచి అంతరించింది. దాని వారసత్వాన్ని అందుకున్న మధ్యప్రదేశ్ జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ గెలవడానికి 2022 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఒకే వ్యక్తి ఆసక్తిపై, ఒకే ఖజానాపై ఆధారపడిన క్రీడావ్యవస్థ ఎంత బలహీనమో దీనినిబట్టి తెలుసుకోవచ్చు. అయితే స్థలం మిగిలింది, అలవాటు మిగిలింది. హోల్కర్ కుటుంబం పేరిట ఉన్న ఉషారాజే ట్రస్టు మైదానమే 2010లో హోల్కర్ స్టేడియంగా పేరు మార్చుకుంది. 2011 డిసెంబరు 8న వీరేంద్ర సెహ్వాగ్ వన్డేలో 219 పరుగులు చేసినది అక్కడే. 2016 అక్టోబరులో ఇండోర్ టెస్టు వేదిక కూడా అయింది.

నాయుడు జీవితంలో తెలుగునేలకు నేరుగా సంబంధించిన ఘట్టం 1953లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అదే 1953-54 సీజన్‌లో ఆంధ్ర క్రికెట్ జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగింది. కొత్త జట్టుకు సారథ్యం వహించడానికి 58 ఏళ్ల నాయుడు వచ్చారు. తాతల నాటి ప్రాంతపు జట్టును నడిపించడం ఆయనకు సంతోషం కలిగించే ఉంటుంది. అయితే ఆ జట్టుకు ఇండోర్‌లో ఉన్నవేవీ లేవు. ఆటగాళ్లు ఎవరి ఉద్యోగాలు వారు చేసుకుంటూ, కళాశాల మైదానాలలో సాయంకాలం సాధన చేసి వచ్చినవారు. పేరుగాంచిన సారథి ఒక సీజన్‌కు రావడంతో పరిస్థితి మారదు. ఆయన తిరిగి వెళ్లారు. 1956-57లో 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడి రంజీ ట్రోఫీనుంచి విరమించారు.

డెల్టాలో బలానికి, ఆటకు కొదవ ఎన్నడూ లేదు. నూర్పిళ్లు ముగిసిన పొలాలలో చెడుగుడు, సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు, పట్టణాలలో తాలింఖానాలు ఇక్కడి జీవితంలో భాగం. బందరు రోడ్డుపై ఉయ్యూరు సమీపంలోని గండిగుంట గ్రామంలో 1916లో జన్మించిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తే పోటీలలో 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. 1963లో విడుదలైన నర్తనశాల చిత్రంలో భీముని పాత్ర ధరించినది ఆయనే. 1981లో ఆయన మరణించారు. విజయవాడ నగరపాలక సంస్థ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు ఉంది. పేరు నిలపడం మంచిదే. ఆయన వంటి మరొకరు తయారు కావడానికి కావలసిన బరువులు, శిక్షకుడు, పౌష్టికాహారం, ఒక ఉద్యోగం సమకూర్చడం అంతకన్నా ఖర్చుతో కూడిన పని.

అదే బందరు రోడ్డుపై, విజయవాడ నడిబొడ్డున, నగరపాలక సంస్థకు చెందిన ఇందిరాగాంధీ స్టేడియం ఉంది. 1997 డిసెంబరు 12న మహిళల ప్రపంచకప్‌లో భాగంగా ఇక్కడ పాకిస్తాన్‌పై ఇంగ్లండు 2 వికెట్లకు 376 పరుగులు చేసింది. 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ పురుషుల జట్ల మధ్య ఏడు వన్డేల సిరీస్‌లో నిర్ణాయక మ్యాచ్ జరిగింది. మార్లన్ శామ్యూల్స్ 108 పరుగులతో అజేయంగా నిలవగా వెస్టిండీస్ 135 పరుగుల తేడాతో గెలిచి సిరీస్‌ను 4-3తో దక్కించుకుంది. ఆ మైదానంలో జరిగిన పురుషుల అంతర్జాతీయ వన్డే అదొక్కటే. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌పై మహేంద్రసింగ్ ధోని 148 పరుగులు చేసిన మ్యాచ్‌తో విశాఖపట్నంలోని కొత్త స్టేడియం అంతర్జాతీయ పటంలోకి ఎక్కింది. అప్పటినుంచి కోస్తాంధ్రకు కేటాయించిన పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌లు అక్కడికే తరలాయి. విజయవాడ స్టేడియం 2019 మే 30న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి, ఆపై స్వాతంత్ర్య దినోత్సవ కవాతులకు వేదికగా ఎక్కువ ప్రసిద్ధి పొందింది.

జిల్లా అధికారులు, నగరపాలక సంస్థల బాధ్యులు ఇక్కడ ఒక తేడాను గుర్తించవలసి ఉంది. పెద్ద మ్యాచ్ ఒక్కరోజు పండుగ. ఆ రోజున హోటల్ గదులు నిండుతాయి, ఆటోలకు, తినుబండారాల దుకాణాలకు బేరాలు పెరుగుతాయి. మరుసటి ఉదయానికి అంతా సద్దుమణుగుతుంది. నగరానికి నికరమైన ఆదాయం తెచ్చేది వయో విభాగాల టోర్నీలు, రోజుల తరబడి సాగే అంతర్‌రాష్ట్ర పోటీలు, సెలవులలో నడిచే శిక్షణ శిబిరాలు. జట్టుతోపాటు తల్లిదండ్రులు వస్తారు. వారం రోజులు లాడ్జిలో దిగుతారు, భోజనశాలలలో తింటారు, దుర్గమ్మ దర్శనం చేసుకుంటారు, కొనుగోళ్లు చేసి వెళతారు. పిచ్ తయారుచేసేవారికి, పచ్చికకు నీరు పట్టేవారికి, స్కోరర్లకు, ఫిజియోలకు, బ్యాట్లు బాగుచేసేవారికి ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ఇదంతా మైదానం ఎన్ని రోజులు వాడుకలో ఉన్నదన్న ఒక్క లెక్కపై ఆధారపడి ఉంటుంది. సీట్ల సంఖ్యపై వ్యయం చేసి నిర్వహణకు నిధులు మిగల్చని స్టేడియం నగరానికి ఆస్తికి బదులు భారమవుతుంది.

విజయవాడ పరిసరాలలో ఆశాజనకమైన ఉదాహరణలూ లేకపోలేదు. ఇబ్రహీంపట్నం సమీపంలోని మూలపాడు క్రికెట్ మైదానంలో 2016 నవంబరులో భారత్, వెస్టిండీస్ మహిళల జట్లు మూడు వన్డేలు, మూడు టీ20లు ఆడాయి. భారీ గ్యాలరీలు లేకున్నా రెండు జట్లూ రెండు వారాలు ఈ ప్రాంతంలోనే గడిపాయి. విలువిద్యలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణ పతకాలు సాధించారు. విలువిద్యకు వేలమంది కూర్చునే కట్టడం అవసరం లేదు; చదునైన నేల, లక్ష్యఫలకాలు, మంచి విల్లు, ఓపిక గల శిక్షకుడు ఉంటే చాలు. హోల్కర్ నాడు చేసిన ఖర్చు కూడా ఇటువంటిదే.

1956లో భారత ప్రభుత్వం నాయుడును పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. జాతీయ సెలక్షన్ కమిటీకి అధ్యక్షులుగా, నియంత్రణ మండలి ఉపాధ్యక్షులుగా సేవలందించారు. 207 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి. 1963-64లో, 68 ఏళ్ల వయసులో, ఒక ధర్మార్థ మ్యాచ్‌తో ఆట చాలించారు. కుమార్తె చంద్రా నాయుడు ఇండోర్‌లోనే ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేస్తూ, 1970 దశకంలో దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. ఆమె 2021లో మరణించారు.

కర్నల్ నాయుడు 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. 1994లో భారత క్రికెట్ నియంత్రణ మండలి జీవిత సాఫల్య పురస్కారాన్ని ఆయన పేరిట నెలకొల్పింది. 1996లో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ల విడుదల చేసింది. యువ క్రీడాకారుల కోసం జరిగే జాతీయ స్థాయి టోర్నీకి కూడా ఆయన పేరే ఉంది. ఆ ట్రోఫీ కోసం ఏటా ఆడే జట్లలో ఆంధ్ర జట్టు ఒకటి.